కాకి ముట్టని ముద్ద

భాద్రపద బహుళ పాడ్యమి. నిండు పోటు. నీరు బురదరంగు.

మా నాన్న పదోరోజున కాకి ముద్ద ముట్టలేదు. వరద శిబిరం వెనక గట్టు మీద ఆకులో పెట్టిన అన్నం ఎండకు బిరుసెక్కిపోతుంటే, రేకు అంచున కూర్చున్న కాకి మావైపు చూస్తూ ఉండిపోయింది. పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని, మాట ఇస్తే గానీ దిగదని పెద్దవాళ్ళు అన్నారు. ఇల్లు కడతామని ఒకరు, ఊరు మళ్ళీ నిలబెడతామని ఒకరు, తోచినవాళ్ళు తోచిన మాట ఇచ్చారు. కాకి కదల్లేదు. చివరికి మా అన్న లేచి చేతులు జోడించి, “మాణిక్యాన్ని తీసుకొస్తాను నాన్నా” అన్నాడు. కాకి దిగి ముద్ద తిన్నది.

మాణిక్యం మా చెల్లెలు. అన్న ఆమెను తీసుకురాలేదు. ఎప్పుడడిగినా అటంతా మునిగిపోయిందనీ, ఎవరూ మిగల్లేదనీ చెప్పి ముఖం తిప్పుకునేవాడు. నేను ముసలివాణ్ణయ్యేదాకా అడిగాను. వాడు చచ్చేదాకా ముఖం తిప్పుకున్నాడు.

నీటి లోతులు కొలిచి రాసే ఉద్యోగం చేసినవాణ్ణి. పని పోయినా రాసే అలవాటు పోలేదు. లోతు మానేసి మనుషుల గురించి రాస్తున్నాను.

ఉదయం తెప్ప అడుగున పట్టిన నత్తగుల్లలు గీకాను. నడుం పట్టేసింది. తర్వాత గూడు కడిగాను. ఈ పక్షమంతా పోయినవాళ్ళది. మేం తెప్పల మీదికి వచ్చేసినప్పుడు కాకులు మాతో రాలేదు కాబట్టి వాటి పని ఇంటింటా ఈ గూడు చేస్తున్నది. రక్తసంబంధం ఉన్నవాళ్ళు చెప్పిన కథలన్నీ కలుపుకుని, పోయిన మనిషి గొంతుతో మాట్లాడుతుంది. ముందు ముద్ద పెట్టాలి. ముద్ద నచ్చితే గూట్లో దీపం వెలుగుతుంది. నచ్చకపోతే వెనకటిలాగే ఎవరో ఒకరు మాట ఇవ్వాలి. అన్నీ మునిగినా ఈ ఆచారం మాత్రం తేలింది.

దీంట్లో ఒక లోపం ఉంది. ఎక్కువమంది చెప్పిన కథే గొంతుకు ఎక్కుతుంది. అన్న సంతానం పెద్దది. వాళ్ళంతా చిన్నప్పటి నుంచీ ఒకటే పాఠం చెబుతారు. అందువల్ల మా నాన్న గొంతు ఏటేటా, “నాకిద్దరు కొడుకులు” అని నిండుగా చెబుతుంది. మాణిక్యం గురించి చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. నా ఒక్కడి మాట ఆ గుంపులో వినపడదు.

తదియ. పోటు తగ్గుముఖం. గాలి లేదు.

ఈ రోజు నాన్నకు పెట్టాను. ఎప్పటిలాగే మోకులు తడిమీద చుట్టకూడదని చెప్పాడు. కొబ్బరిపీచు మోకు ఎలా పేనాలో చెప్పాడు. ఇవి మేం చెప్పి చెప్పి అరగదీసిన కథలు. దీపం వెలుగుతుందని గూటి వైపు చూస్తూ కూర్చున్నాను. వెలగలేదు. కాసేపటికి గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా, “అందరూ ఎక్కారా?” అంది.

గూటి దగ్గరికి జరిగి చెవి పెట్టాను.

మా లంక ఊరు మునిగిన రోజున పడవవాళ్ళు ప్రతి ఇంటి యజమానినీ అడిగిన ప్రశ్న అది. ఇంట్లో ఒకరు తక్కువైనా ఆ కుటుంబాన్ని పక్కన నిలబెట్టి వెనక వాళ్ళను ఎక్కించుకునేవారు. అమ్మ అప్పటికే లేదు. మాణిక్యం పాయ అవతల పిన్ని ఇంట్లో ఉంది. నీరు మోకాళ్ళు దాటింది. నాన్న మా ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, “ఎక్కారు” అన్నాడు. ఆ మాట విన్న బంధువులం అన్నా, నేనూ. రెండేళ్ళు తిరక్కుండా నాన్న ఆ మాటతోనే పోయాడు.

నేనెన్నడూ దాన్ని గూటికి చెప్పలేదు. చెబితే ఆయన చేత ఏటేటా అదే అనిపించినట్టవుతుంది. అన్న చెప్పే మనిషి కాడు. మరి ఈ మాట ఎవరు చెప్పారు?

పంచమి. నీరు తేట. సొరచేప పిల్ల ఒకటి తెప్ప కింద తిరుగుతున్నది.

శేషు వచ్చాడు. మా అన్న కొడుకు. మా తెప్పల వరసకు పెద్ద. వరస పేరే వీరభద్రం వరస, అంటే మా అన్న పేరు. లంకలో ఒక్క ప్రాణిని కూడా వదలకుండా ఒడ్డుకు చేర్చాడని ఇక్కడి పిల్లలకు నేర్పుతారు. ఆ రోజు మేం ఎక్కిన పడవలో బరువెక్కువైందని నా పుస్తకాల పెట్టెను నా కళ్ళముందే నీళ్ళలోకి నెట్టినవాడు కూడా అతనే. అది పిల్లలకు నేర్పరు. ఆ పెట్టె పోయిన చోట తన మేకపిల్లను కూర్చోబెట్టుకున్నాడు. అదీ నేర్పరు.

శేషు వచ్చిన పని వేరే. అమావాస్య నాడు పెద్ద తెప్ప మీద ప్రతి కుటుంబం తన వంశం చదువుతుంది. లంకలో పుట్టిన తరంలో ఇక ఒకరే మిగిలిన కుటుంబాల వంశాలను ఈ ఏడు బిగించేస్తారట. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా గూళ్ళు తీసుకోవు. మా కుటుంబంలో ఆ మిగిలిన ఒక్కణ్ణి నేనే. నా బాగోగుల గురించి కూడా అడిగాడు. ఆరోగ్యం ఎలా ఉందని అడగడంలోనే ఎంత తొందరో తెలిసిపోయింది.

మాణిక్యం పేరు చదవాలని చెప్పాను. చదవకపోతే నేను పోయాక ఆ పిల్ల అసలు పుట్టనట్టే అవుతుందని చెప్పాను. శేషు కోపం తెచ్చుకోలేదు. వాడికి కోపం రాదు, ఓపిక వస్తుంది. అది ఇంకా భరించలేను.

“ఎప్పుడో పోయిన పిల్లని ఇప్పుడు లేపడం ఎందుకు బాబాయ్? అందర్నీ తెచ్చాడని నాన్నకి పేరుంది గదా. ఈ పేరు చదివితే ఆ పేరేమవుద్ది?”

“పోయిందని ఎవరు చెప్పేరు నీకు?”

“నాన్నే.”

“మీ నాన్న చెప్పినవన్నీ నిజాలైతే ఈపాటికి మనం సముద్రాన్ని తోడి పారబోసుండాల్రా.”

వాడు నవ్వి, మందులు వేసుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

సప్తమి. పోటు బలహీనం.

గూళ్ళు బాగుచేసే సుందరమ్మను పిలిపించాను. మాటకు మాట అంటించే మనిషి. నాన్న గూట్లో కొత్త కథ పడింది, ఎక్కడినుంచి పడిందో చూడమన్నాను. కథ చెప్పిన మనిషి పేరు తెలియదనీ, ఏ ఊరి గూటినుంచి వచ్చిందో మాత్రం తెలుస్తుందనీ చెప్పింది. మా అన్నే చావబోయే ముందు చాటుగా చెప్పుంటాడని నా అనుమానం. ఆ మాటా అన్నాను.

“మీ అన్నయ్యగారు చాటుగా చేసిన మంచి పని ఒక్కటి చూపించండి, ఈ వరసంతా నేనే గీకుతాను” అంది సుందరమ్మ.

సాధనం పెట్టి చాలాసేపు చూసింది. కథ ఉప్పుమేట నుంచి వచ్చిందట. దక్షిణాన, నీళ్ళమధ్య మిగిలిపోయిన మెరక మీద ఉప్పు పండించే ఊరు. అక్కడికి గూళ్ళు వచ్చిందే ఈ ఏడు. మీవాళ్ళు అక్కడెవరున్నారని అడిగింది. ఎవరూ లేరన్నాను. కానీ రక్తం కలవనివాళ్ళు చెప్పిన కథను గూడు తీసుకోదు.

లోతుల ఉద్యోగంలో చేరిందే చెల్లెల్ని వెతకడానికి. ఈ నీళ్ళలో నేను తిరగని పాయ లేదు. ఉప్పుమేట వైపు ఒకసారి కూడా పోలేదు. అటు తాను చూసొచ్చాననీ, కుక్క కూడా లేదనీ అన్న చెప్పాడు. నమ్మాను. అన్నల మాట నమ్మడం అప్పటికింకా మానలేదు.

సుందరమ్మ చేత ఉప్పుమేటకు కబురు పంపించాను. మాణిక్యం అనే పేరు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమని.

నవమి. నీరు కదలడం లేదు. దుర్వాసన.

నాన్న గొంతు పాడైపోయింది. ముద్ద పెట్టకముందే పలుకుతున్నది. వంట చేస్తుంటే, గుడ్డలు ఆరేస్తుంటే, “అందరూ ఎక్కారా?” అంటున్నది. జవాబు చెప్పకపోతే మళ్ళీ అడుగుతుంది. గూటి మీద గుడ్డ కప్పాను. గుడ్డలోంచి అడిగింది. బతికి ఉన్నప్పుడు ఆయన గొంతులో అంత భయం నేను వినలేదు. విన్నదల్లా ఆ ఒక్క అబద్ధం. అది గట్టిగానే చెప్పాడు.

శేషు పరుగున వచ్చాడు. వాళ్ళింట్లో గూడు కూడా అలాగే అడుగుతున్నదట. వాడి కూతుళ్ళ ఇళ్ళలోనూ అదేనట. ఒకే మనిషి గొంతు కదా, ఎక్కడైనా అదే మాట. పిల్లలు అన్నం తినడం లేదట. చిన్నపిల్ల ఒకతె గూడు ముందు నిలబడి, ఎక్కాం తాతా, అందరం ఎక్కాం, అని జవాబు చెబుతూ ఏడుస్తున్నదట.

ఇది నా పనేనని వాడి అనుమానం. మాణిక్యం మీద పంతంతో ఏదో కథ చెప్పి గూటిని చెడగొట్టానని అన్నాడు. ఈసారి ఓపిక లేదు వాడిలో. అది చూసి కొంచెం తృప్తి కలిగిన మాట దాచను.

ఏకాదశి. మబ్బు. పోటు మళ్ళీ ఎత్తుకుంటున్నది.

ఉప్పు పడవ వచ్చింది. అందులోంచి ఒకావిడ దిగి, లోతులు కొలిచే సోమరాజుగారి తెప్ప ఏదని అడుక్కుంటూ వచ్చింది. నడివయసు. ఉప్పుకు చేతులు పగిలి తెల్లగా ఉన్నాయి. నా గుమ్మంలో నిలబడి తల కొంచెం పక్కకు వంచి నన్ను చూసింది. ఆ వంచడం నాకు తెలుసు. నేను కూర్చోమనకముందే ఆమే కూర్చుంది.

పేరు అలివేలు. మాణిక్యం కూతురు.

మాణిక్యం నిరుడు పోయిందట. నిరుడు. నేనీ తెప్ప మీద కూర్చుని గుల్లలు గీకుతున్న రోజుల్లోనే ఆమె బతికుంది. నవ్వింది, ఉప్పు పోగుచేసింది, పిల్లను కన్నది, తలనొప్పి వస్తే గుడ్డ కట్టుకుని పడుకుంది. అన్నీ ఒక్క పడవ ప్రయాణం దూరంలో.

వాళ్ళమ్మ ప్రతి పెద్దల అమావాస్యకీ వాళ్ళ నాన్నకు ముద్ద పెట్టేదట. గూడు ఇంకా లేదు కాబట్టి గాలికే పెట్టి, ఆయన గురించి తెలిసిన కథలన్నీ కూతురికి చెప్పేదట. అమ్మ పోయాక ఊళ్ళోకి గూళ్ళు వచ్చాయి. అలివేలు ఆ కథలన్నీ ఒక్కటీ మిగల్చకుండా గూటికి చెప్పింది. అందులో పడవ కథ కూడా ఉంది. పడవ దగ్గర నాన్న ఏమన్నాడో గూటికి ఇంకెవరూ చెప్పలేదు కాబట్టి ఆ ఒక్క కథకు అడ్డం లేకపోయింది.

ఆ కథ మీ అమ్మకు ఎవరు చెప్పారని అడిగాను. అడిగేటప్పటికే జవాబు తెలుసు.

“పెద్దమావయ్య ఒచ్చేడండి” అంది.

ద్వాదశి. వాన జల్లు. నీళ్ళ తొట్లు నిండాయి.

నిన్న ఇక రాయలేకపోయాను. ఈ రోజు అలివేలు చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

నాన్న పోయిన ఏడాదే అన్న ఉప్పుమేటకు వెళ్ళాడట. వరదకు అక్కడికి చేరిన పిన్ని వాళ్ళ గుడిసె కనుక్కున్నాడు. మాణిక్యం అప్పటికి పన్నెండు దాటని పిల్ల. అన్నను చూసి ముందు పరుగెత్తి వచ్చిందట. గుమ్మం దాకా వచ్చి ఆగి, ఇన్నాళ్ళకి ఎందుకొచ్చావని అడిగిందట. అక్కడ అన్న జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పాడు. పడవ, నాన్న చెప్పిన మాట, శిబిరం, పదోరోజు.

“నాన్నకి పెట్టిన ముద్ద కాకి ముట్టలేదు, నిన్ను తెత్తానని మాటిచ్చేను, అందుకొచ్చేనన్నాడంట. మాయమ్మ ‘ముట్టుంటే?’ అందంట.”

అలివేలు అక్కడ ఆగింది. మా అన్న కూడా అక్కడే ఆగాడట. ఏమీ చెప్పలేదట.

“‘కాకి కోసం వచ్చినోడివి కాకి దగ్గరికే ఫో’ అనీసి తలుపేసేసిందంటండి. తను బతికున్నట్టు ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుందంట. మళ్ళేడు కూడా ఒచ్చేడు పెద్దమావయ్య. తలుపు తియ్యలేదు. బయట కూకుని కూకుని ఎళ్ళిపోయేడు.”

ఒకటి అడగాలనిపించింది. అడగకూడదనీ అనిపించింది. ఈ వయసులో తెలియకుండా పోయినా నష్టం లేని విషయం. అయినా అడిగాను. నా గురించి ఏమైనా అన్నదా?

అలివేలు నా వైపు చూడకుండా చెప్పింది. తలుపు వేసేముందు, చిన్నన్నయ్య ఎలా ఉన్నాడని అడిగిందట.

“‘ఆడికేం, బాగానే ఉన్నాడు, పుస్తకాలు చదూకుంటన్నాడు’ అన్నాడంటండి పెద్దమావయ్య.”

ఆ ఏడాది నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. నా పుస్తకాలు ఎక్కడున్నాయో ప్రపంచంలో అందరికంటే వాడికే బాగా తెలుసు. శిబిరంలో ప్రతి సాయంత్రం గట్టు మీదికి పోయి, ఒడ్డుకు తగిలే పడవల్లో ఆ పిల్ల ఉందేమోనని నిలబడేవాణ్ణి. అన్న నన్ను చెవి పట్టుకుని వెనక్కి ఈడ్చుకొచ్చేవాడు.

చతుర్దశి. పోటు. గాలి దక్షిణం.

శేషుకు అలివేలు సంగతి తెలిసింది. వాడి ఆనందం చూడవలసిందే. వాళ్ళ నాన్న మాట తప్పలేదు, రెండుసార్లు వెళ్ళాడు, ఒట్టు కోసం బతుకంతా నింద మోశాడు. ఇంతకంటే గొప్ప కథ ఇంకేం కావాలి? రేపు వంశం చదివేటప్పుడు మాణిక్యం పేరు తప్పకుండా చదువుతానన్నాడు. చెల్లెలి కోసం సముద్రం దాటిన వీరభద్రం అని ఒక వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాడు. నాకు వినిపించాడు. ఇన్నేళ్ళూ నేను కోరింది చేతికందింది. తీరా చూస్తే మా చెల్లెలు మా అన్న మెడలో దండగా అందింది.

నేను నోరు తెరవకముందే అలివేలు అంది:

“మాయమ్మ పేరు చదవండి బావా. ఆయన పేరు పక్కన మటుకు చదవొద్దు.”

శేషు నచ్చజెప్పాడు. వెళ్ళింది నిజమే కదా అన్నాడు. నిజమేనని ఒప్పుకుంది. ఒప్పుకుని, మళ్ళీ అదే మాట చెప్పింది. కథ లేకుండా ఉత్త పేరు చదవడం తనవల్ల కాదని శేషు లేచాడు. అయితే నేను చదువుతానన్నాను. బతికున్న పెద్దవాణ్ణి నేను. ఆ హక్కు కాదనడానికి వాడికి దారి లేదు. వెళుతూ వెళుతూ, మా నాన్నంటే మీకెందుకు బాబాయ్ అంత పగ అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను, ముందు రేపటిది కానివ్వండి.

అమావాస్య. పెద్ద పోటు. ఎండ.

పెద్ద తెప్ప మీద మా వంతు మధ్యాహ్నం వచ్చింది. కొల్లాటి నాగభూషణానికి ముగ్గురు బిడ్డలు, వీరభద్రం, సోమరాజు, మాణిక్యం, అని చదివాను. మాణిక్యానికి కూతురు అలివేలు, ఉప్పుమేట, అని చదివాను. జనంలో గుసగుసలు లేచాయి. ముగ్గురి పేర్లూ బిగిశాయి. నేను పోయినా ఇక ఆ పేరు పోదు.

తర్వాత ముద్ద పెట్టాం. నాన్న గొంతు పలికింది. మోకుల గురించి చెప్పలేదు. కొడుకుల గురించి చెప్పలేదు. “అందరూ ఎక్కారా?” అన్నది. చదివిన పేరుతో ఆ గొంతుకు శాంతి కలుగుతుందని నేను లోలోపల ఆశపడి ఉన్నాను. కలగలేదు. శేషు మనవరాలు వాడి వెనక దాక్కుంది. పెద్దవాణ్ణి కాబట్టి జవాబు చెప్పవలసింది నేను.

“లేదు నాన్నా. మాణిక్యం ఎక్కలేదు.”

గూడు ఊరుకుంది. దీపం వెలగలేదు. ఆచారం ప్రకారం ఇప్పుడు ఎవరో ఒకరు మాట ఇవ్వాలి. అందరూ శేషు వైపు చూశారు. వాడు చేతులు జోడించి లేవబోయాడు. అలివేలు వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“ఎవరూ ఏ మాటా ఇవ్వకండి” అంది.

ఎవరూ ఇవ్వలేదు. పోటు ఎక్కి పెద్ద తెప్ప ఊగడం మొదలుపెట్టేదాకా అలాగే కూర్చున్నాం. గొంతు మళ్ళీ అడగలేదు. మరే మాటా పలకలేదు. మోకులు పేనే కథ కూడా. ఇంటికొచ్చి నా గూడు చూశాను. శేషు ఇంటి నుంచీ కబురొచ్చింది. ఎక్కడా ఏమీ లేదు. నాన్న ఊరుకున్నాడా, పోయాడా, సుందరమ్మ కూడా చెప్పలేకపోయింది. అలివేలు ఉప్పు పడవ ఎక్కి వెళ్ళింది. నన్ను రమ్మంది. నడుం సరిగ్గా లేదన్నాను. మాణిక్యం తలుపు వేసిన గుమ్మం చూడడానికి నాకు ధైర్యం లేదు.

ఇక శేషు అడిగినదానికి జవాబు.

నాన్నను నేను నిందించను. మోకాళ్ళు దాటిన నీళ్ళలో చెప్పిన అబద్ధానికి ఆయన రెండేళ్ళలోపే చచ్చాడు, చచ్చాక కూడా అడుగుతూనే ఉన్నాడు. తలుపు వేసిన పిల్లను నిందించను. ఆ ప్రశ్నకు జవాబు రాకపోతే నేనైనా వేస్తాను. మా అన్న వెళ్ళలేదని ఇన్నేళ్ళూ తిట్టాను. అది వెనక్కి తీసుకుంటున్నాను, వెళ్ళాడు. కానీ ఊరందరికీ కథలల్లి చెప్పినవాడు, అబద్ధాల మీద ఒక వరసనే కట్టినవాడు, ఆ ఒక్క గుమ్మంలో మాత్రం నిజం చెప్పాడు. ముట్టుంటే, అని ఆమె అడిగినప్పుడు, ముట్టినా వచ్చేవాణ్ణి అని ఒక్క అబద్ధం చాలు. అది చేతకాకపోతే, చిన్నోడు రోజూ గట్టు మీద నిలబడి నీకోసం ఏడుస్తున్నాడని చెబితే చాలు. అది అబద్ధం కూడా కాదు. దానికి బదులు, పుస్తకాలు చదువుకుంటున్నాడన్నాడు. ఆమె బతుకంతా నన్ను అలాగే అనుకుంది. పుస్తకంలో తల దూర్చుకుని చెల్లెల్ని మరిచినవాడు. పోయేటప్పుడు కూడా అలాగే అనుకుని పోయింది.

అది చేసినవాడు కొల్లాటి వీరభద్రం.